ఇంకో నలుగురు

"ఇంకో నలుగురు ఎక్కితే మునిగిపోతుందా?"

ఎర్నాకుళం బోటు జెట్టీలో పొద్దున్న ఎనిమిదీ నలభైకి ఆ మాట అన్నది నేనే. తెలుగులోనే అన్నాను. అవతలి మనిషికి తెలుగు రాదు. అయినా అర్థమైపోయింది. ఆ మాటకి భాషతో పనిలేదు, చెయ్యి ఎగరేసిన తీరు చాలు.

మేం నలభై ఇద్దరం. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద రోజూ తెల్లారగట్ల నడిచే బ్యాచి. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు డాక్టర్లు, ఒక ఆడిటరు గారు, మా ఆడవాళ్ళు. ఏడాదికోసారి అందరం కలిసి ఏదో ఒక ఊరు పోతాం. ఆ ఏడు కేరళ. కొచ్చిని నీళ్ళ మీంచి చూడాలంటే మెరైన్ డ్రైవ్ దగ్గర ప్రైవేటు బోట్లుంటాయి. మైకులో ఊరి కథ చెబుతారు, పాటలు పెడతారు, తలకి ఇంతని పుచ్చుకుంటారు. మా ఆడిటరు గారు ముందురోజు రాత్రే వాకబు చేసి పెట్టారు. అవే నీళ్ళు, ఇంచుమించు అదే దారి, ప్రభుత్వ జలరవాణా శాఖ బోటులో ఫోర్ట్ కొచ్చికి టిక్కెట్టు ఆరు రూపాయలు. "ఆరు రూపాయలకి ఇవాళ మంచి టీ కూడా రాదండీ" అన్నారాయన. బస్సులో అందరం చప్పట్లు కొట్టాం.

ఆరు రూపాయల ధర ఎవరికోసం పెట్టి ఉంటారన్న ఆలోచన ఆ బస్సులో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

జెట్టీకి ముందే చేరాం. వరస మొత్తం మేమే. మా వెనక టిఫిన్ క్యారేజీలు, ఆఫీసు సంచులు, యూనిఫారాలు. బోటు వచ్చి ఆనుకోగానే ముప్ఫై ఎనిమిది మందిమి ఎక్కి కిటికీ పక్క బల్లలన్నీ పట్టేశాం. కొన్ని బల్లల మీద మనుషులు కూడా కాదు, చేతిసంచులూ రుమాళ్ళూ కూర్చున్నాయి. మిగిలిన నలుగురూ టీ కొట్టు దగ్గర ఆలస్యం చేశారు. బోటు లోపల ఎంతమంది ఎక్కవచ్చో అంకె రాసి ఉంది. మావాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి బోటు మాస్టరు వేళ్ళు మడిచి లెక్క ముగించి, కట్టుతాడు చూసే లాస్కరుకి సైగ చేశాడు. లాస్కరు దారికి అడ్డంగా తాడు కట్టాడు.

అప్పుడన్నాను, ఆ మాట.

ఆయన నన్ను కోప్పడలేదు. "ఫుల్. నెక్స్ట్ బోట్" అన్నాడు. అంతే. మాలో మిగతావాళ్ళు అందుకున్నారు. మేం గ్రూపండీ. పెద్దవాళ్ళండీ. విడిపోతే మళ్ళీ కలవడం కష్టమండీ. టిక్కెట్లు కొన్నాం కదండీ. ఒకాయన ఐదొందల నోటు సగం దాకా బయటికి తీశారు, మళ్ళీ ఏమనుకున్నారో జేబులోకి తోసేశారు. బోటు మాస్టరు వాచీ చూసుకున్నాడు. రోజూ వెళ్ళే వాళ్ళంతా వాచీలు చూసుకున్నారు. అప్పుడు లోపల్నించి నలుగురు లేచారు. నర్సు యూనిఫారంలో ఉన్న ఒక అమ్మాయి, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, చేతిలో ఫైలున్న ఒక నడివయసు మనిషి. ఏమీ అనకుండా తాడు కిందనుంచి వంగి జెట్టీ మీదికి దిగిపోయారు. నలుగురు దిగారు గనక నలుగురు ఎక్కొచ్చు. బోటు మాస్టరు అంకె తప్పలేదు. మావాళ్ళు నలుగురూ ఎక్కారు.

"ఎంత మంచివాళ్ళండీ ఇక్కడి జనం!" అంది మా వదిన. దిగినవాళ్ళకి ఒక్కరం కూడా కృతజ్ఞత చెప్పలేదు. పైగా మాకు గెలిచినట్టుంది. బోటు కదిలాక ఆ నర్సమ్మాయి జెట్టీ స్తంభానికి ఆనుకుని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. ఆలస్యమవుతుందని చెబుతోందని చేతులు చూస్తేనే తెలుస్తోంది. అదొక్కటే నేను కెమెరాలోంచి కాకుండా కళ్ళతో చూసింది.

కొచ్చి బోటులో చక్రం పట్టే మనిషిని 'స్రాంక్' అంటారు. మన సరంగే. గోదావరి లాంచీల మీద చిన్నప్పుడు విన్న మాట అరవై దాటాక ఇంత దూరంలో మళ్ళీ చెవిన పడింది. సరంగు ముందు నిలబడి దారి చూస్తాడు. ఇంజను దగ్గర వేరే మనిషి ఉంటాడు. సరంగు తాడు లాగితే ఇంజను దగ్గర గంట మోగుతుంది. ఆ గంటలనిబట్టి డ్రైవరు వేగం పెంచుతాడు, తగ్గిస్తాడు, వెనక్కి తిప్పుతాడు. చక్రం ఒకరి చేతిలో, వేగం ఇంకొకరి చేతిలో, కట్టుతాడు లాస్కరు చేతిలో, జనం లెక్క బోటు మాస్టరు చేతిలో. ఒకరి మాట ఒకరు వినకపోతే ఆ బోటు జెట్టీ కూడా దాటదు. మా డాక్టరు గారు ఆ గంటల్ని వీడియో తీసి, "ఇంకా ఆదిమకాలంలోనే ఉన్నారు" అని నవ్వారు. మేమూ నవ్వాం.

కుడివైపు కొబ్బరిచెట్ల వెనక బోల్గాట్టి, 1744లో డచ్చివాళ్ళు కట్టిన భవంతి. ఆ వెనక వల్లార్‌పాడం కంటైనర్ రేవు క్రేన్లు. ఎడమవైపు విల్లింగ్డన్ దీవి. దీవి అంటారు గానీ అందులో చాలావరకు దేవుడు చేసింది కాదు. పెద్ద ఓడలు రావడానికి రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు గత శతాబ్దం ఇరవైల్లో, ముప్ఫైల్లో రేవు తవ్వించి, ఆ మట్టిని పోయించి పెంచిన లంక. ఈ ఊరి పుట్టుకే అలాంటిది. 1341లో పెరియార్‌కి వచ్చిన పెద్ద వరదకి ముజిరిస్ అనే పాత రేవు పూడిపోయి, ఇక్కడ సముద్రానికి నోరు తెరుచుకుందని చెబుతారు. ఆ నోట్లోంచే పోర్చుగీసువాళ్ళు, వాళ్ళ వెనక డచ్చివాళ్ళు, ఆ వెనక ఇంగ్లీషువాళ్ళు లోపలికొచ్చారు. అందరూ మిరియాల వాసన పట్టుకుని వచ్చినవాళ్ళే. ఇరవై నిమిషాల ప్రయాణంలో ఇంత చరిత్ర ఆరు రూపాయలకి. మా ఆడిటరు గారు మళ్ళీ ఒకసారి గుర్తుచేశారు.

సముద్రం నోరు దగ్గరపడుతుండగా ఎవరో "డాల్ఫినూ!" అని అరిచారు. నిజమే, ఆ నీళ్ళలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. బూడిదరంగు వీపు ఒకటి తేలి మునిగింది. నలభై ఇద్దరం ఒక్కసారిగా కుడివైపుకి లేచాం. బోటు ఒరిగింది. పెద్దగా కాదు, చేతిలో టీ గ్లాసుంటే ఒలికేంత. లాస్కరు గావుకేక పెట్టాడు. రోజూ వెళ్ళేవాళ్ళు మాత్రం కూర్చున్నచోటే కూర్చుని ఉన్నారు. వాళ్ళకి డాల్ఫిన్ కొత్త కాదు. బోటు ఎందుకు ఒరుగుతుందో అంతకన్నా కొత్త కాదు. ఇదే కేరళలో 2009 సెప్టెంబరు 30న తేక్కడి జలాశయంలో విహారానికి వెళ్ళిన బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. ఒడ్డున అడవి జంతువులు కనిపించాయని జనం ఒకపక్కకి ఒరిగారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త నేను చదివాను. చదివిన కళ్ళతోనే డాల్ఫిన్‌ని చూడ్డానికి లేచాను.

ఫోర్ట్ కొచ్చిలో ఏం చూశామో చెప్పమంటే జాబితా ఉంది. 1524లో చనిపోయిన వాస్కో డ గామాని మొదట పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. ఆ తర్వాత ఎముకల్ని పోర్చుగల్‌కి పట్టుకుపోయారు, ఇక్కడ మిగిలింది రాయి. మట్టాంచేరిలో పోర్చుగీసువాళ్ళు కట్టి కొచ్చి రాజుకిచ్చిన కోట. డచ్చివాళ్ళు బాగుచేయించినందుకు పేరు మాత్రం డచ్ ప్యాలెస్. కట్టిన చెయ్యి ఒకటి, పేరొకటి. లోపలి గోడల మీద రామాయణం. 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం. ఆ వీధిలో యూదులు ఇప్పుడు దాదాపు లేరు, వాళ్ళ పేరుతో దుకాణాలున్నాయి. చీనా వలల దగ్గర డబ్బిచ్చి తాడు లాగి ఫొటోలు దిగాం. అవతలి కొసన రాళ్ళు వేలాడదీసి, తూకం మీద పైకీ కిందికీ ఆడే పెద్ద వలలవి. మేం లాగినప్పుడు వచ్చింది గుర్రపుడెక్క, రెండు ప్లాస్టిక్ సీసాలు. జాలరి నవ్వు ముఖం పెట్టి చూస్తున్నాడు. అతని పొద్దుటి వేటలో పావుగంట మా ఫొటోలకి పోయింది, దానికి మేమిచ్చిన డబ్బు అతను పట్టే చేపల కంటే ఎక్కువే అయ్యుంటుంది. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణం వాటర్ మెట్రోలో. 2023 ఏప్రిల్‌లో మొదలైన కరెంటు బోట్లు, కొచ్చి షిప్‌యార్డులోనే కట్టినవి. ఏసీ, పెద్ద అద్దాలు, మనిషికి నలభై రూపాయలు. ఇక్కడ బోటు మాస్టరు వేళ్ళు మడవడు. గేటే లెక్కపెడుతుంది. నిండగానే మూసుకుంటుంది. మావాళ్ళు పదకొండు మంది అవతలే ఉండిపోయారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. మెషీను కదా అనుకున్నారు. బుద్ధిగా వరసలో నిలబడి తర్వాతి బోటులో వచ్చారు. పొద్దున్న ఒక మనిషి మర్యాదగా చెప్పిన అదే లెక్కతో నాలుగు నిమిషాలు పోట్లాడిన మేం, సాయంత్రం నోరులేని ఇనప గేటుకి దణ్ణం పెట్టాం. నిబంధన మనిషి చెబితే అది అతని పొగరు, యంత్రం చెబితే అది పద్ధతి. మన చదువులూ ఉద్యోగాలూ మనకి నేర్పింది ఇంతేనా అని ఆ ఏసీలో కూర్చుని మొదటిసారి సిగ్గుపడ్డాను. సిగ్గు ఎక్కువసేపు ఉండలేదు. అవతల సూర్యాస్తమయం ఉంది.

లాంచీ మాకు కొత్త అయితే ఇదంతా తెలియనితనం అని సరిపెట్టుకోవచ్చు. కానీ మేం రాజమండ్రి వాళ్ళం.

నా చిన్నప్పుడు కొవ్వూరు నుంచి రాజమండ్రికి రైలు వంతెన ఉంది, 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన. రైలు అందనివాళ్ళకి రేవు. అమ్మమ్మ గారి ఊరినుంచి వస్తూ నాన్నతో లాంచీ ఎక్కిన జ్ఞాపకం కొంచెం ఉంది. చుట్ట వాసన, డీజిలు వాసన, తడిసిన తాటాకు బుట్టల వాసన. కూర్చోమంటే అందరూ కూర్చునేవారు. లేచావంటే సరంగు అనే మాటలు ఇక్కడ రాయలేను. నీటిమీద సరంగు మాటే మాట. బస్తాలు ఇటు జరపమంటే బియ్యం వర్తకుడైనా జరపాల్సిందే. అప్పుడు పడవలు మునగలేదని కాదు, మునిగేవి. జనం ఎక్కువై కూడా మునిగేవి. కానీ ఎక్కిన ప్రతివాడికీ తాను నీటిమీద ఉన్నానని తెలుసు. పైనేమో భద్రాచలం దాకా లాంచీలు. కిందేమో కాలవల్లో రాహదారి పడవలు. గాలి లేనప్పుడు గట్టుమీద మనుషులు భుజాన తాడేసుకుని లాక్కుపోయేవారు, లాకుల దగ్గర నీళ్ళు సమం అయ్యేదాకా పడవలు వరసకట్టి ఆగేవి. ఆగడం అందులో భాగం.

1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. అందరం పండగ చేసుకున్నాం. వంతెన వద్దని ఎవరంటారు? పురిటి నొప్పులొచ్చిన మనిషిని అర్ధరాత్రి దాటించాలంటే వంతెనే కావాలి. నా నేరారోపణ వంతెన మీద కాదు. దాని వెనకే రేవు ఎండిపోతుంటే, కాలవల్లో పడవలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, 'ఇదీ ఉండనివ్వండి' అని ఒక్క అర్జీ మా ఊరినుంచి వెళ్ళిందా? నాకు తెలిసి మా ఇంట్లోంచి వెళ్ళలేదు. కొచ్చిలోనూ వంతెనలు కట్టారు. వైపిన్ దీవి జనం ఏళ్ళ తరబడి అడిగిన గోశ్రీ వంతెనలు 2004లో తెరిచారు. బస్సులు వచ్చాయి. బోట్లూ ఉండిపోయాయి. వైపిన్‌కీ ఫోర్ట్ కొచ్చికీ మధ్య కార్లూ స్కూటర్లూ ఎక్కించుకుని అటూ ఇటూ తిరిగే రోరో బోటు 2018లో మొదలైంది. చూడగానే మా వదిన గుర్తుపట్టింది, "ఇది మన పంటు కదూ!" అని. పంటే. నరసాపురం దగ్గర సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ దాటించే పంటుకి సొంత తమ్ముడు. కొచ్చిలో రోరోకి పెట్టుకున్న ముచ్చటైన పేరు సేతుసాగర్. ఇక్కడ పంటుని మేం 'వంతెన రాని దరిద్రం' అంటాం.

ఇక కాలవల సంగతి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవలూ, గోదావరి, కృష్ణల్లో కొంత మేరా కలిపి వెయ్యి కిలోమీటర్లకు పైగా 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ జలమార్గంలో గుర్రపుడెక్క ప్రయాణిస్తోంది. ఇళ్ళలోంచి మేం వదిలే మురుగు కూడా దానికి తోడుగా పోతోంది. ప్రభుత్వాన్ని అనడం తేలిక, నేనూ అంటుంటాను. కానీ కాలవ గట్టున ఇల్లు కట్టుకుని, వంటింటి గొట్టం కాలవలోకి పెట్టించుకున్న నలుగురు మిత్రుల పేర్లు నాకు తెలుసు. వాళ్ళ గృహప్రవేశాలకి వెళ్ళి భోజనం చేసి వచ్చాను.

పడవ దారిగా పోయింది. తర్వాత అది సినిమాలోంచి తిరిగొచ్చింది. 'అందాల రాముడు' వచ్చిన 1973 నాటికి లాంచీలో భద్రాచలం పోవడం మాకు ఇంకా తెలిసిన సంగతే. 2006లో 'గోదావరి' వచ్చేసరికి అదొక కల. కల చూసి బయటికొచ్చి పాపికొండలు టిక్కెట్లు బుక్ చేసుకున్నాం. బస్సు, టిఫిను, బోటు, భోజనం, డాన్సులు, అన్నీ ఒక ప్యాకేజీ. నదిని దాటడం మరిచిపోయినవాళ్ళం నదిని తిలకించడానికి వచ్చాం. రోజూ ఎక్కేవాడు బోటు చప్పుడు మారితే గుర్తుపడతాడు. ఏడాదికోసారి ఎక్కేవాడికి చప్పుడంటే పాట ఒకటే.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర, గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వద్ద బోటు తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. అందులో చాలామంది ఒంగోలు వాకర్స్ క్లబ్ వాళ్ళు. అంటే మాలాంటి వాళ్ళే. పొద్దున్నే నడిచి, ఏడాదికోసారి కలిసి ఊరు చూడబోయేవాళ్ళు. మరునాడు గోదావరి గట్టు మీద మా బ్యాచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడింది. ఒకరిద్దరు ఏడ్చారు. ఆ సంక్రాంతికే మేం పాపికొండలు వెళ్ళాం. లైఫ్ జాకెట్ ఇచ్చారు. చెమట కంపు కొడుతోందనీ, ఫొటోలో లావుగా కనిపిస్తున్నాననీ తీసి పక్కన పడేశాను. వేసుకోమని వచ్చి చెప్పిన కుర్రాడి వయసు ఇరవై లోపే. "నీకెన్నేళ్ళురా? నాకు గోదావరి గురించి చెబుతున్నావా?" అన్నాను. వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పలేదు. ఒక్క మాటతో వాడి నోరు ఆ రోజంతటికీ మూయించాను.

2018 మే 15. దేవీపట్నం దగ్గర మంటూరు. గాలివానకి లాంచీ మునిగింది. జల్లు కొడుతోందని తలుపులూ కిటికీలూ మూసుకున్నవాళ్ళు మూసుకున్నట్టే ఉండిపోయారు. చాలావరకు గిరిజనులు. వాళ్ళు దేన్నీ చూడ్డానికి ఎక్కలేదు. వాళ్ళకి లాంచీ అంటే బస్సు. ఇంటికి పోవాలంటే అదే దారి. కొచ్చిలో ఆరు రూపాయల బోటు ఎవరిదో, మన గోదావరి మీద ఆ లాంచీ వాళ్ళది. ఆ మరునాడు గట్టు మీద మా బ్యాచి నడిచింది. మౌనం పాటించలేదు. కావాలని మానేశామని కాదు. ఎవరికీ తోచలేదు. తోచకపోవడమే నేరం. మాలాంటివాళ్ళు పోతేనే మాకు చావు కనిపిస్తుంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు. నదిలో ఐదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద. 77 మందితో పాపికొండలకి బయలుదేరిన బోటు. బయటపడ్డవాళ్ళు 26 మంది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అడుగునుంచి బోటుని పైకి లాగేసరికి 38 రోజులు. ఆ 38 రోజులూ మేం టీవీ ముందే ఉన్నాం. తాడు తెగిందా, లంగరు తగిలిందా అని క్రికెట్ స్కోరులా అడిగి తెలుసుకున్నాం. నేను ఒక పత్రికకి ఉత్తరం కూడా రాశాను. అనుమతులిచ్చిన వాళ్ళనీ, తనిఖీ చెయ్యని వాళ్ళనీ, లాభం చూసుకున్న వాళ్ళనీ కడిగేశాను. అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు. మొన్న ఆ కత్తిరింపు తీసి చదివితే, అందులో 'మనం' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. వరదలో కూడా వెళ్దామన్న ఉత్సాహం ఎవరిది? ముందుగా కట్టిన డబ్బు వృథా అవుతుందని నస పెట్టేది ఎవరు? 'ఇవాళ వద్దండీ' అన్నవాణ్ణి పిరికివాడనేది ఎవరు? ఆ రోజు ఆ బోటులో ఉన్నవాళ్ళని నేను అనడం లేదు, వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఇలాంటి రోజుల్లో, ఇలాంటి రేవుల్లో మేం ఏమంటామో మాత్రం నాకు బాగా తెలుసు.

కేరళ వాళ్ళు దేవుళ్ళు కారు. 2002 జులై 27న ముహమ్మ నుంచి కుమరకం వస్తున్న ప్రభుత్వ బోటే మునిగి 29 మంది పోయారు. అందులో చాలామంది ఉద్యోగం పరీక్ష రాయడానికి బయలుదేరిన పిల్లలు, బోటు నిండా మించి జనం. 2015 ఆగస్టులో ఫోర్ట్ కొచ్చి జెట్టీ దగ్గరే వైపిన్ బోటుని చేపల బోటు గుద్ది 11 మంది చనిపోయారు. 2023 మేలో తానూరులో విహారపు బోటు 22 మందిని మింగింది. మేం ఎక్కిన బోటులో ఆ మాస్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టడం వెనక ఈ చావులన్నీ ఉన్నాయనుకుంటాను. ఆయన మొండితనం ఆయన సొంతం కాదు. ఇంత ఖరీదైన లెక్కని నేను చెయ్యి ఎగరేసి కొట్టేయబోయాను. ఆ నర్సమ్మాయి లేచి దిగకపోతే, ఇంకో రెండు నిమిషాలు పట్టుబడితే, ఆ ఐదొందల నోటు పూర్తిగా బయటికొస్తే, ఆ లెక్క నిలిచేదో లేదో నాకు తెలియదు. నిలిచేదనే అనుకుంటున్నాను. మన రేవుల్లో నిలవదని తెలుసు. నిలవనివ్వని వాళ్ళలో నేనొకణ్ణి.

ఇంటికొచ్చాక ఒక రోజు గట్టు మీద నడుస్తూ ఈ సంగతంతా మావాళ్ళతో అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఆడిటరు గారైతే ఆ నర్సమ్మాయిని తలుచుకుని నిజంగానే బాధపడ్డారు. రాయండి మాస్టారూ, ఇది రాయాలి అన్నారు. వంతెన మీద రైలు పోతోంది. కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు పడుతున్నాయి.

కార్తీకమాసం వచ్చింది. ఎదురుగా ఉన్న లంకలో వనభోజనాలు పెట్టుకుందామని వాట్సాప్ గ్రూపులో అనుకున్నారు. పడవ మాట్లాడారు. పడవతను పాతిక మందిని ఎక్కిస్తానన్నాడట. పేర్లు ఇచ్చినవాళ్ళు ఇరవై తొమ్మిది మంది. రెండు విడతలుగా పోదామంటే వంట సామాను ఆలస్యమవుతుంది. "నలుగురే కదా, సర్దుకుంటాడు లెండి. వందో రెండొందలో ఎక్కువిద్దాం" అని ఆడిటరు గారు రాశారు. ఒకరి తర్వాత ఒకరు బొటనవేళ్ళు లేపారు. నేను ఫోను చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. టైపు చెయ్యడం మొదలుపెట్టి చెరిపేశాను. పొద్దున్నే అందరి ముఖాలూ చూడాలి కదా. బొటనవేలు లేపాను.

వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద భోజనాలు, పాటలు, అంత్యాక్షరి. సాయంత్రం ఇరవై తొమ్మిది మందిమీ అదే పడవలో తిరిగొచ్చాం. ఏమీ కాలేదు. ఫొటోలు బాగా వచ్చాయి.